జరీనాను బుక్కపట్నంలో వదిలిన సంగతి

నవ్వండి, పర్వాలేదు. ఈ సంగతి విన్నవాళ్లంతా మొదట నవ్వుతారు. చెప్పే నేను కూడా సగం దాకా బాగానే చెబుతాను. ఆ తరువాత ఎక్కడో ఆగిపోతాను. అప్పుడు మీరు మంచినీళ్లిస్తే చాలు.

నా పేరు ఫయాజ్. ధర్మవరంలో పట్టుచీరలకు పాలిష్ పెట్టి, రోలింగ్ చేసి ఇచ్చే అంగడి నాది. అంగడంటే మా ఇంటి ముందు గదే. నా భార్య కౌసర్ వెనక గదిలో కూర్చుని కొంగులకు కుచ్చులు కడుతుంది. ముందు గదిలో నాది రాజ్యం, వెనక గదిలో ఆమెది. ముందు గదికి ఏం కావాలన్నా వెనక గదిని అడగాలి. అంతే తేడా.

నిరుడు మా అమ్మాయి సఫియా అనంతపురం హాస్టల్‌కు వెళ్లింది. అదే వారంలో ఎక్కడినుంచో ఒక ఆడపిల్లి వచ్చి, హాస్టల్ సీటు మా ఇంట్లో దొరికినట్టు దిగబడింది. ఒళ్లంతా పసుపు చారలు. ఎండలో జరీలా మెరుస్తాయని కౌసర్ దానికి జరీనా అని పేరు పెట్టింది.

"ఇది అసలు జరీ కాదు, టెస్టెడ్ జరీ" అన్నాను. మా లైనులో నకిలీ జరీని అలాగే అంటారు. కౌసర్ నవ్వలేదు. పిల్లి మాత్రం నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది.

ఊళ్లో అన్ని మెత్తలూ వదిలి అది చీరల మీదే పడుకునేది. అందులోనూ దానికి ఎంపిక. ఉత్త చీరల మీద పడుకోదు. ముహూర్తం చీరైతేనే నిద్ర పడుతుంది. ఒకరోజు కిరాణా కొట్టు కృష్ణమోహన్‌గారి కూతురి పెళ్లిచీర మీద ఒళ్లు విరుచుకుంది. గోరు తగిలి అంచులో జానెడు పోగు లేచింది.

"సూడు నీ జరీనా చేసిన పని!" అన్నాను.

"అది పండుకునే చోట చీర పెట్టింది ఎవురు?"

"అది నా అంగడి!"

"దానికి తెలుసా? బోర్డు పెట్టినావా?"

కృష్ణమోహన్‌గారి ముందు నేను చేతులు కట్టుకుని నిలబడ్డ తీరు తలుచుకుంటే ఇప్పటికీ నడుము నొప్పి పుడుతుంది. ఆరోజే నిర్ణయించుకున్నాను. ఇంట్లో నేనైనా ఉండాలి, అదైనా ఉండాలి. ఈ మాట కౌసర్‌తో అనలేదు. అంటే ఎవరుండాలో ఆమె వెంటనే చెప్పేస్తుందని భయం.

రెండు వారాల తరువాత కౌసర్ నాలుగు రోజులకని తాడిమర్రిలో వాళ్లమ్మ దగ్గరికి బయలుదేరింది. పోతూ పోతూ ఏదో చెప్పింది. నేను ఫోన్ చూసుకుంటూ "ఊఁ" అన్నాను. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఎన్ని ఊఁలు కొట్టానో లెక్క లేదు గానీ, ఆ ఒక్కటి వెనక్కి తీసుకునే వీలుంటే ఏమైనా ఇచ్చేవాణ్ణి.

ఆమె తిరిగి రావలసిన గురువారం పొద్దున, జరీనాను పెద్ద చీరల సంచీలో పెట్టి, గాలాడేలా జిప్పు కాస్త వదిలి, బుక్కపట్నం బస్సెక్కాను. అక్కడే ఎందుకంటే పెద్ద చెరువుంది. చెరువులో చేపలున్నాయి. పిల్లికి అంతకన్నా ఏం కావాలి? నేను దాన్ని వదిలేయడం లేదు, మంచి ఉద్యోగానికి బదిలీ చేస్తున్నాను అని నాకు నేనే చెప్పుకున్నాను. నేను చెప్పేవి నేను చాలా తొందరగా నమ్ముతాను.

బస్సులో సంచీ "మ్యావ్" అంది. పక్కనున్న పెద్దాయన నావైపు చూశాడు.

"రింగ్‌టోను" అన్నాను.

రెండోసారి అంది. మూడోసారి అంది. "ఎత్తప్పా ఫోను! ఎంతసేపు అరిపిస్తావు?" అని ఆయన కసిరాడు. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "ఆ... వస్తాండా... సంచీలోనే ఉండాది" అని ఎవరూ లేని ఫోన్లో మాట్లాడాను.

చెరువు కట్ట కింద, చేపలు అమ్మేచోట సంచీ తెరిచాను. అది వెంటనే పోలేదు. నా కాళ్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, వచ్చిన దారివైపు చూసి అరిచింది. నేను చేప ముక్క ఒకటి కొని విసిరాను. అది చేపను చూడలేదు. నేను వెనక్కి తిరగకుండా బస్సెక్కాను.

సాయంత్రం కౌసర్ వచ్చింది. చెప్పులు విప్పకముందే, "ఏమయ్యా, ఎన్ని?" అంది.

"ఏమెన్ని?"

"పిల్లలు. జరీనా నిండు మాసాలతో ఉండాది, ఈ నాలుగు దినాల్లోనే ఈనుతాది, కనిపెట్టుకోనుండు అని చెప్పి పోతి గదా. నువ్వు ఊఁ అంటివి."

నా కాళ్ల కింద నేల ఉందో లేదో చూసుకున్నాను. అప్పుడే అటక మీదనుంచి సన్నగా ఒక శబ్దం వచ్చింది. కౌసర్ స్టూలు వేసుకుని ఎక్కింది. పాత చీరల అట్టపెట్టెలో మూడు పిల్లలు. కళ్లింకా తెరవలేదు. వాటిలో బూడిదరంగుది నా బొటనవేలంత కూడా లేదు.

"జరీనా యాడ?"

"పొద్దున్నుంచి కనపడ్లేదు" అన్నాను. ఆ మాట నిజమే. బుక్కపట్నంలో ఉన్న పిల్లి ధర్మవరంలో ఎలా కనపడుతుంది?

హిందూపురంలో మూగనేస్తం అని ఒక సంస్థ ఉంది. దెబ్బ తగిలిన కుక్కలు, గాలిపటం దారంలో చిక్కిన పక్షులు, ఇళ్లల్లో దూరిన పాములు, అన్నింటికీ వాళ్లే దిక్కు. పెనుకొండ దగ్గర వాళ్లకొక షెల్టర్ ఉంది. కౌసర్ సఫియాకు ఫోన్ చేసి ఆ నంబరు పట్టింది. అటువైపునుంచి ఒకమ్మాయి, "పామా, కుక్కా, నెమలా అక్కా?" అని అడిగింది. పేరు మహేశ్వరి. మూడు పిల్లలనీ, తల్లి లేదనీ చెప్పగానే గొంతు మారిపోయింది.

"ఆవుపాలు పట్టొద్దు అక్కా, అరగవు. వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టు. పాలపొడి తీసుకోని రేపు పొద్దున్నే వస్తా. తల్లిని కడసారి యాడ చూసినారు?"

కౌసర్ ఫోన్ నా చెవికి పెట్టింది. అదే సమయం. అప్పుడే చెప్పి ఉండాల్సింది. "బుక్కపట్నం" అని ఒక్క మాట.

"ఈడే, వాకిట్లోనే" అన్నాను.

శుక్రవారం పొద్దున మహేశ్వరి పెనుకొండనుంచి వ్యానులో దిగింది. చిన్న పిల్ల, ఇరవై ఐదుంటాయేమో. సిరంజితో పాలు పట్టడం నేర్పింది. రెండు గంటలకొకసారి పట్టాలట. పట్టిన తరువాత తడి దూదితో వాటి వెనకభాగం తుడవాలట. అలా తుడిస్తేనే ఒంటికి రెంటికి పోతాయట. పట్టుచీరలకు మెరుగు పెట్టిన ఈ చేతులు ఆ పని కూడా నేర్చుకున్నాయి. రెండు పిల్లలు జుర్రుకున్నాయి. బూడిదరంగుది మాత్రం సిరంజి దగ్గర నోరు తెరిచి, అమ్మ కాదని తెలిసినట్టు మూసేసింది.

"దీనికి తల్లి పాలే కావాల. తొందరగా తల్లి దొరకాల" అంది మహేశ్వరి.

ఇక వీధంతా వెతుకులాట. జరీనా ఫొటోతో పోస్టర్లు అంటించారు, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. అందరికన్నా ఎక్కువ వెతికింది నేనే. మురుగుకాలువలో టార్చి వేశాను. పక్కింటి మంచాల కింద దూరాను. నిలిపి ఉన్న ఆటో సీటు ఎత్తి చూశాను. "పాపం, అన్నకు ఎంత ప్రాణమో!" అంది మహేశ్వరి. ఆ మాటకు నాకు చెమట పట్టింది. కౌసర్ నాకు మజ్జిగ కలిపి ఇచ్చింది. అది ఇంకా దారుణం.

మధ్యాహ్నం తట్టుకోలేక, "కొత్తచెరువులో ఒకరింట్లో చీరలిచ్చి వస్తా" అని చెప్పి బుక్కపట్నం పరుగెత్తాను. కట్ట పొడుగునా "జరీనా! జరీనా!" అని అరుచుకుంటూ తిరిగాను. చేపలమ్మే ఒకామె నడుం మీద చేయి పెట్టుకుని చూసింది. ఆమెను అందరూ యల్లక్క అంటారని తరువాత తెలిసింది.

"ఎవురప్పా జరీనా? నీ పెండ్లామా?"

"కాదక్కా. నా పెండ్లాం ఇంటికాడ ఉండాది."

"ఓహో! ఆయమ్మకు తెలీకుండా ఈయమ్మను వెతుకుతాండావా?"

"అయ్యో, పిల్లి అక్కా! పసుప్పచ్చ పిల్లి! నిన్న ఈడే సంచీలోనుంచి..."

సగంలో నోరు మూసుకున్నాను. యల్లక్క నా వైపు ఫోన్ పెట్టి ఏదో చూసుకుంటోంది. నేను పట్టించుకోలేదు. పొద్దు వాలేదాకా తిరిగి, నాలుగు వేరే పిల్లులకు చేపలు పెట్టి, ఒట్టి చేతులతో ఇల్లు చేరాను.

ఆ సాయంత్రం కౌసర్ ఎక్కువ మాట్లాడలేదు. పిల్లల గురించిన దిగులనుకున్నాను. పాలు పట్టే వేళ అయినప్పుడల్లా ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె ఒకటి రెండుసార్లు నా ముఖంలోకి చూసి, "ఏమన్నా చెప్తావా?" అని అడిగింది. "ఏముండాది చెప్పనీకి?" అన్నాను.

శనివారం తెల్లవారేసరికి బూడిదరంగుది కదలడం లేదు. వేడినీళ్ల సీసాకు ముక్కు ఆనించి అలాగే ఉండిపోయింది. కౌసర్ దాన్ని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు నిమిరింది. తరువాత కుచ్చులకు తెచ్చుకున్న పట్టుగుడ్డ ముక్కలో చుట్టి నా చేతిలో పెట్టింది. బరువు తెలియలేదు. పెరట్లో గోడ పక్కన గుంత తీసి పూడ్చాను. నా జీవితంలో అంత చిన్న గుంత ఎప్పుడూ తీయలేదు. అయినా తీయడానికి చాలాసేపు పట్టింది.

అక్కడే నిలబడి మహేశ్వరికి ఫోన్ చేశాను.

"అమ్మా, ఆ పిల్లి దానంతట అది పోలేదు. నేనే..."

"తెలుసన్నా" అంది.

"ఎట్ల తెలుసు?"

యల్లక్క ఒకప్పుడు వలలో చిక్కిన కొంగ కోసం మూగనేస్తానికి ఫోన్ చేసిందట. అప్పటినుంచి వాళ్ల గ్రూపులో ఉందట. పోస్టర్ చూసి శుక్రవారం సాయంత్రమే ఒక ఫొటో పెట్టిందట. కట్ట మీద నోరు తెరిచి అరుస్తున్న నా ఫొటో. దాని కింద, "పిల్లి ఇంకా కనపడలే, పిల్లిని వదిలినోడు కనపడినాడు" అని వాయిస్ మెసేజ్ పెట్టిందట.

"కౌసర్‌కు..."

"అక్కను నిన్న పొద్దున్నే ఆ గ్రూపులో చేర్చింటి. అక్కే మొదట చూసింది. రాత్రి పూట దొరకదు, పొద్దున్నే బోను తీసుకోని పోతానంటి. అంతలోపల నువ్వే చెప్తావేమోనని అక్క అనింది."

ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లాను. కౌసర్ మిగిలిన రెండింటికీ పాలు పడుతోంది. చెప్పాను. సంచీ, బస్సు, చేప ముక్క, అన్నీ. ఆమె తల ఎత్తలేదు.

"పిల్లిని వదిలింది నాకి అంత కష్టం కాలేదయ్యా. కోపంలో చేసినావనుకుందును. నాతోబాటు టార్చి పట్టుకోని మంచాల కింద వెతికితివి సూడు. అది నాకి మింగుడు పడలే."

నేను ఖాళీ అయిన పాలగిన్నె తీసి పక్కన పెట్టాను.

"గురువారమే చెప్పింటే..." అని ఆమె ఆగిపోయింది. ఆ వాక్యం పూర్తి చేయలేదు. ఇప్పటికీ చేయలేదు. రోజూ నేనే లోపల పూర్తి చేసుకుంటుంటాను.

"సొక్కా మార్చుకో. పోదాం" అంది.

పిల్లలు పడుకున్న గుడ్డ తీసుకుని, పిల్లలను పక్కింట్లో అప్పగించి, బుక్కపట్నం వెళ్లాం. మహేశ్వరి అప్పటికే బోనుతో ఉంది. వలలు ఆరేసే షెడ్డులో పసుపు చార కనపడిందని యల్లక్క చెప్పింది. నేను పిలిచాను. వలల కింద రెండు కళ్లు మెరిసి ఇంకా లోపలికి జరిగాయి. కౌసర్ నన్ను పక్కకు నెట్టి, నేల మీద కూర్చుని గుడ్డ పరిచింది. రెండు నిమిషాలు. జరీనా వచ్చి గుడ్డ వాసన చూసి, ఒక అరుపు అరిచింది. అలాంటి అరుపు నేను ఇంకెప్పుడూ వినదలుచుకోలేదు.

ఇంటికి చేరగానే పెట్టెలోకి దూకింది. రెండు పిల్లలనూ నాకింది. తరువాత పెట్టెంతా వెతికింది. గుడ్డ ఎత్తి చూసింది, మూలలు చూసింది, అటక ఎక్కి దిగింది. మేకులు లెక్కపెట్టినట్టు నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను.

పాలు మానిన తరువాత పిల్లలను ఎవరికివ్వాలన్న మాట వచ్చింది. "ఎవురికీ వద్దు, నేనే పెంచుకుంటా" అన్నాను, కాస్త పెద్దమనిషిలా. వాటిని చూసిపోదామని వచ్చిన మహేశ్వరి బ్యాగులోనుంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టింది. దత్తత తీసుకునేవాళ్లెవరైనా అది నింపాలట.

మూడో ప్రశ్న: మీరు ఎప్పుడైనా ఒక జంతువును వదిలిపెట్టారా?

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. 'అవును' అని రాశాను. మహేశ్వరి చాలా మర్యాదగా ఆ ఫారం మడిచి, "సారీ అన్నా, మా రూలు ఒప్పుకోదు" అని, కొత్త ఫారం కౌసర్‌కు ఇచ్చింది.

కౌసర్ చకచకా నింపుతూ పోయింది. ఒకచోట పెన్ను ఆగింది. తొంగి చూశాను. 'పిల్లులు కాక ఇంట్లో మరేవైనా జంతువులు ఉన్నాయా?' అని ఉంది.

ఆమె తలెత్తి నన్ను చూసింది. కాసేపు అలాగే చూసింది. తరువాత ఒక నిట్టూర్పు విడిచి, 'లేవు' అని రాసింది.

అది నాకు దక్కిన క్షమో, శిక్షో ఇప్పటికీ తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.