మ్యూట్ బాబాయ్ పట్టుదల

ఆ ఉదయం కళాభవనంలో జరగాల్సిన పని చాలా చిన్నది. సిబ్బంది అంతా స్టేజీ మీద చేరాలి. జీతాల ఒప్పందంలో మేనేజరు ప్రతిపాదించిన మార్పులను సెక్రటరీ చదవాలి. అందరూ చేతులెత్తి ఆమోదించాలి, టీ తాగాలి. ఈలోపల ఎవరూ నోరు తెరవకూడదన్నది మేనేజరు కోరిక.

జీతం కాస్త పెంచాడు గానీ, అందరికీ మంట పుట్టించే వాక్యం జోలికి ఆయన పోలేదు. "తెర పడగానే డ్యూటీ ముగిసినట్టు" అన్నది ఆ వాక్యం. తెర పడ్డాకే అసలు పని మొదలవుతుందని భవనంలో అందరికీ తెలుసు. జనాన్ని బయటికి పంపాలి, సెట్టు విప్పాలి, లైట్లు దించాలి, మర్చిపోయిన గొడుగులూ చెప్పులూ ఏరాలి, తలుపులకు తాళాలు వేయాలి. ఒప్పందం ప్రకారం మాత్రం ఆ సమయంలో వాళ్ళంతా హాయిగా ఇళ్ళలో ఉన్నట్టే.

సిబ్బంది సెక్రటరీ సౌండు చూసే పెద్దాయన. ఆయన్ను అందరూ మ్యూట్ బాబాయ్ అంటారు. సెక్రటరీగా ఎవరుంటారని అడిగినప్పుడు తక్కినవాళ్ళంతా "నేను కాదు" అన్నారు. ఆయన ఏమీ అనలేదు. దాన్నే అంగీకారం కింద జమకట్టి ఎన్నుకున్నారు. ఈ మార్పులను కూడా ఆయన అలాగే గడ్డం గోక్కుంటూ చదివేస్తాడనీ, తాము నిట్టూర్చి చేతులెత్తేస్తామనీ అందరూ మానసికంగా సిద్ధపడిపోయారు.

బాబాయ్ అందరికంటే ముందే వచ్చాడు. సాయంత్రం కళాభవనాన్ని నడిపే ట్రస్టు అధ్యక్షుడి కూతురి నృత్య ప్రదర్శన ఉంది. దానికోసం కొత్తగా వచ్చిన కాలరు మైకును చొక్కాకు తగిలించుకుని, దించిన తెర వెనక నిలబడి "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. హాల్లో స్పీకర్లు ఇంకా వేయలేదు. కానీ ప్రదర్శన ఎంతవరకు వచ్చిందో తెలియడానికి మేకప్ గదిలోనూ మేనేజరు గదిలోనూ చెరో చిన్న స్పీకరు ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. మైకు తీయబోతుండగా ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, మేస్త్రీ వచ్చాడు. గోడ ఎటునుంచి కొట్టమంటారు?"

"ఏ గోడ?"

"మీ రేడియోల గదికీ వంటింటికీ మధ్య గోడండీ. నిన్న చెప్పానుగా! మీరేమీ అనలేదు."

ఇంట్లో ఆయనకంటూ మిగిలింది ఆ అగ్గిపెట్టెలాంటి గదే. పాత రేడియోలు విప్పుకుంటూ అందులో కూర్చుంటే, లోకంలో తనకూ ఒక మూల ఉందనిపించేది. ఆయన గొంతు పెళ్ళయ్యాక మొదటిసారి పైకి లేచింది.

"ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టేనా? ఇన్నేళ్ళూ నువ్వేం చెప్పినా తలూపాను. ఇక ఊపను. నీ మార్పులు నాకక్కర్లేదు!"

మేకప్ గదిలో కాచుకుని కూర్చున్న సిబ్బంది ఉలిక్కిపడ్డారు. భార్య మాటలు ఫోనులోనే ఉండిపోయాయి, బాబాయ్ మాటలు మాత్రం స్పీకర్లోంచి ఖంగుమన్నాయి.

"ఎవర్ని కడిగేస్తున్నాడు?" అన్నాడు లైట్లు వేసే అతను.

"ఇంకెవర్ని? మేనేజరుగారి గదికెళ్ళినట్టున్నాడు," అంది టికెట్ల కౌంటరు ఆవిడ.

"మేనేజరుగారిని నువ్వంటున్నాడే!"

అక్కడ మేనేజరు కూడా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తనతో మాట్లాడబోయే మాటలను సెక్రటరీ స్టేజీ మీద సాధన చేస్తున్నాడని ఆయనకు అర్థమైంది. సాధనలోనే నువ్వంటున్నవాడు ఎదురుపడితే ఇంకెంతకు దిగుతాడోనని గది తలుపుకు గడియ పెట్టాడు.

"ఆ గదిలో మీరు చేసే ఘనకార్యం ఏముంది? ఊరికే కూర్చోవడమేగా," అంది ఫోనులో భార్య.

"కూర్చుంటాను! పొద్దస్తమానం గొడ్డులా చాకిరీ చేసి, అందరూ వెళ్ళిపోయాక బయటపడేవాడికి కాసేపు కూర్చునే హక్కు లేదా? ఆ టైము నాది. నా టైము లాక్కునే హక్కు నీకెవరిచ్చారు?"

మేకప్ గదిలో ఊడ్చే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తమ బాధను ఇంత చక్కగా చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు.

"అంత పట్టుదలగా ఉంటే, రాత్రికి ఎక్కడ పడుకుంటారో నేనూ చూస్తాను," అంది భార్య.

"హాల్లో పడుకుంటా! చాప వేసుకుని హాలు నడిమధ్యలో పడుకుంటా. ఎవరు లేపుతారో నేనూ చూస్తా!"

ఇంట్లో హాలంటే ఒక సోఫా, ఒక ఫ్యాను. మేకప్ గదిలో ఉన్నవాళ్ళకు తెలిసిన హాలు మాత్రం ఒక్కటే. మరుక్షణం నాటకాల సామాను గది తలుపు తెరుచుకుంది. చాపలూ, దుప్పట్లూ, ఎవరో రాజు పడుకునే పట్టుపరుపూ బయటికొచ్చాయి. సిబ్బంది హాల్లోకి నడిచి, కుర్చీల వరుసల మధ్య దారిపొడవునా పడుకున్నారు. లైట్ల మనిషి సింహాసనం దిండు తలకింద పెట్టుకుని, "మనల్నీ ఎవరు లేపుతారో చూద్దాం," అన్నాడు. తెర దించి ఉండడంతో ఇదేదీ బాబాయ్‌కి కనబడలేదు.

మేనేజరు బాల్కనీ తలుపు సందులోంచి తొంగి చూసి, వెనక్కి తన గదిలోకి వచ్చి పడ్డాడు. సాయంత్రం అధ్యక్షుడి కూతురి నాట్యం చూడడానికి జనం రావాల్సిన చోట తన సిబ్బంది శవాసనం వేశారు. వెంటనే మేకప్ గదికి ఫోను చేశాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల పడుకునే పోరాటానికి వెళ్ళలేకపోయిన టికెట్ల ఆవిడ తీసింది.

"మీ సెక్రటరీని కాస్త శాంతించమనండమ్మా!"

"ఆయన మీ దగ్గరేగా ఉన్నారు?"

"నా దగ్గరెక్కడ? స్టేజీ మీద నుంచి అరుస్తున్నాడు. చూడండమ్మా, తెర పడ్డాక చేసే పనిలో సగం టైము లెక్కలో వేద్దాం. సగం!"

సరిగ్గా అప్పుడే బాబాయ్‌కి మళ్ళీ ఫోను వచ్చింది. "పోనీ, సగం గోడ ఉంచమంటాను. సరేనా?" అంది భార్య.

"సగమా?" రెండు గదుల్లోనూ స్పీకర్లు అదిరాయి. "నా దగ్గర సగం సగం బేరాలు కుదరవు. ఉంటే మొత్తం ఉండాలి. లేదంటే..."

లేదంటే ఏం చేస్తాడో బాబాయ్‌కే తెలియక ఆగిపోయాడు. ఆ నిశ్శబ్దంలో మేనేజరుకు కాలిపోతున్న తెరలూ, ఊడిపోతున్న తన ఉద్యోగమూ కనిపించాయి.

"మొత్తం! మొత్తం వేద్దామమ్మా!" అని ఫోను పెట్టేసి, ఒప్పందం కాగితం లాక్కుని, 'తెర పడగానే' అన్నది కొట్టేసి, 'హాలుకు తాళం పడగానే' అని రాసి, కింద సంతకం గిలికేశాడు.

టికెట్ల ఆవిడకు అనుమానం వచ్చింది. ఆయన మేనేజరు దగ్గర లేకపోతే ఈ కోపమంతా ఎవరి మీద? కుంటుకుంటూ స్టేజీ మీదికి వెళ్ళింది. బాబాయ్ ఫోను చెవికి ఆనించుకుని బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు. అవతల భార్య ఏడుపు లంకించుకున్నట్టుంది.

"ఏయ్, ఏడవకు. నువ్వేడిస్తే నేను చూడలేనని తెలుసుగా," అంటున్నాడు.

తన గదిలో మేనేజరు చప్పున కళ్ళు తడుముకున్నాడు. నిజంగానే తడిగా ఉన్నాయి. ఇతనికెలా తెలిసిందా అని గది నాలుగు మూలలూ బెదురుగా చూశాడు.

టికెట్ల ఆవిడ కాలరు దగ్గర మినుకుమంటున్న చిన్న దీపాన్ని చూసింది. సంగతంతా బోధపడింది. బాబాయ్ "సరే..." అని నోరు తెరిచేలోపు చటుక్కున మైకు మీట నొక్కి ఆపేసింది. తర్వాతి మాటలు ఆమె తప్ప ఎవరూ వినలేదు.

తెర లేచింది. మేనేజరు దిగొచ్చాడని టికెట్ల ఆవిడ చెప్పగానే సిబ్బంది చాపలు చుట్టుకుని స్టేజీ ఎక్కారు. మేనేజరు కాగితాన్ని రెండు చేతులతో బాబాయ్‌కి అందించి, నాలుగడుగులు దూరంగా నిలబడ్డాడు. హాల్లో చాపలెందుకో అర్థంకాని బాబాయ్, ఎప్పటిలాగే ఏమీ అడగకుండా చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి గడ్డం గోక్కున్నాడు.

"ఇక్కడేదో పొరపాటు పడ్డట్టుందండీ. తాళం పడగానే అని ఉంది. దిద్దుకుంటారా?"

సిబ్బందికి ఊపిరాగినంత పనైంది.

"వద్దు బాబూ! అది దిద్దిందే!" మేనేజరు రెండు చేతులూ జోడించాడు.

"బాబాయ్, ఇవాళ్టికి మీరు మాట్లాడింది చాలు. చదవండి," అంది టికెట్ల ఆవిడ.

చదివాడు. చేతులన్నీ లేచాయి. అలవాటు లేకపోయినా మేనేజరు కూడా ఒక చెయ్యి ఎత్తాడు. లైట్ల మనిషి బాబాయ్‌ని వాటేసుకుని, "మీలో ఇంత నిప్పుందని ఊహించలేదు!" అన్నాడు. అందరూ టీకి వెళ్ళాక బాబాయ్ టికెట్ల ఆవిడను పక్కకు పిలిచాడు.

"ఇంతకీ నేనేం చేశానమ్మా?"

"ఏమీ చేయలేదు బాబాయ్. కొత్త మైకు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళేసరికి రేడియోలన్నీ మంచం కింద ఉన్నాయి. వంటిల్లు విశాలంగా, వెలుతురుగా ఉంది. అక్కడి మార్పులు ఒక్క సవరణ కూడా లేకుండా ఆమోదం పొంది, అప్పటికే అమల్లోకి వచ్చేశాయి.