నెత్తళ్ల పక్కన ఐదు చుట్టలు

ఆ శనివారం పొద్దున మహాలక్ష్మి పెట్టుకున్న పని చాలా చిన్నది. పులిహోర కలిపి డబ్బాలో సర్దుకుని, అత్త ఎరుకమ్మను వెంటబెట్టుకుని, తొమ్మిది గంటల బస్సుకు ఉప్మాక వెళ్లి వెంకన్నబాబుకు దండం పెట్టుకుని, సాయంత్రానికి అనకాపల్లి వచ్చేయడం. భర్త కన్నారావు తెల్లారగానే బెల్లం మార్కెట్‌కు వెళ్లిపోయాడు. కొడుకు నానాజీ మందుల కంపెనీలో పొద్దుటి షిఫ్టుకు బస్సెక్కేశాడు. ప్రయాణానికి అడ్డుపడే మనిషి ఇంట్లో లేడు. అడ్డుపడింది డబ్బా.

గట్టిగా మూతపడే నీలం మూత డబ్బా అది. ఐదు నెలలుగా కనిపించడం లేదు. పక్కింటి కుమారి పట్టుకెళ్లి తిరిగివ్వలేదని మహాలక్ష్మి అనుమానం. ఆ మాట మర్యాద కొద్దీ కుమారికి చెప్పలేదు. వీధిలో మిగతా అందరికీ చెప్పింది. ఆ రోజు ఎందుకైనా మంచిదని ఇల్లంతా వెతికితే అది నానాజీ మంచం కింద, పాత దుప్పటి చాటున దొరికింది.

మూత తీసి చూసింది. లోపల ఒక గుండ్రటి మీటరు, అందులో వణుకుతున్న ముల్లు. ఓ మూల తడి స్పాంజి. మధ్యలో బొటనవేలంత లావున ఐదు గోధుమరంగు చుట్టలు, ఒక్కోదానికీ బంగారు కాగితం ఉంగరం. మీటరు చూడగానే మహాలక్ష్మి బాంబు అనుకుంది. ఏ విషయంలోనైనా ఆవిడకు ముందుగా తట్టేది అలాంటిదే. నానాజీ పదో తరగతి పరీక్ష రాసి అరగంట ఆలస్యమైతే రైలు పట్టాల వెంబడి వెతుక్కుంటూ వెళ్లిన మనిషి. వాడు స్టేషను బయట చెరకురసం తాగుతూ దొరికాడు. అయినా ఆ అరగంట ఆవిడ మనసులోంచి ఈనాటికీ పోలేదు.

కాసేపటికి ధైర్యం చేసి వాసన చూసింది. పొగాకు. బాంబు కాదని తేలాక తేలికపడాల్సిన మనిషి ఇంకా బిగుసుకుపోయింది. చుట్ట ఆ ఇంట్లో కొత్త వస్తువేమీ కాదు. ఎరుకమ్మ సముద్రం ఒడ్డున పుట్టి, నలభై ఏళ్లు నెత్తిన చేపల గంప మోసిన మనిషి. గాలికి ఆరిపోకుండా, రెండు చేతులూ గంపకు ఖాళీగా ఉండేలా, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం ఆవిడకు చిన్ననాటి నుంచీ అలవాటు. ఆవిడ చుట్టలు నడుం దగ్గర చీర రొంటిన ఉంటాయి. వాటికి డబ్బా లేదు, మీటరు లేదు, ఉంగరం అసలే లేదు. ఇంత భద్రంగా దాచారంటే ఇవి చుట్టలు కావు, చుట్టల వేషంలో ఉన్న మరొకటి. అది గంజాయి. మహాలక్ష్మి ఆ నిర్ణయానికి రావడానికి ముల్లు రెండుసార్లు వణికినంత సేపు కూడా పట్టలేదు.

ఆ తర్వాత జరగబోయేదంతా ఆవిడకు కళ్ల ముందే కనబడింది. రేపటి పేపర్లో ఫొటో. బల్ల మీద నీలం మూత డబ్బా, వెనక పోలీసులు, మధ్యలో మొహానికి తువ్వాలు కప్పుకుని నానాజీ. ఇంట్లో ఉన్న తువ్వాళ్లన్నీ వెలిసిపోయినవే. ఒకదానికైతే మధ్యలో బొక్క. కొడుకు మొహానికి ఆ బొక్క తువ్వాలు కప్పి ఫొటో తీస్తే ఊళ్లో తలెత్తుకోవడం ఎలాగో ఆవిడకు బోధపడలేదు. కొడుకును మాకవరపాలెంలో చెల్లెలింటికి పంపించేద్దామా అనుకుంది. కానీ ఆ సరుకు కోసం పోలీసులు బస్సులాపి సంచులు వెతికేది ఆ దారిలోనేనని గుర్తొచ్చి ఆ ఆలోచన మానుకుంది. కన్నారావుకు మూడుసార్లు ఫోన్ చేసింది. బెల్లం వేలంపాట జరుగుతున్నంతసేపూ ఆయన పెళ్లాం ఫోనే కాదు, ఎవరి ఫోనూ ఎత్తడు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. పొగాకు సంగతి ఎరుకమ్మకు తెలిసినంతగా ఏ లేబరేటరీకీ తెలియదు. ఎక్కడివో చెప్పకుండా ఒకటి తీసి అత్త చేతిలో పెట్టింది.

"ఇందులో ఇంకేటైనా కలిపేరేమో సూడత్తా."

ఎరుకమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో నొక్కింది. మంచి చుట్ట నొక్కితే గలగలమనాలి. ఇది మెత్తగా అణిగింది.

"సెమ్మ పట్టేసిందే. ఏ ఎదవ అమ్మేడోగాని పాడుసేసేడు. ఎండితేగాని వాసన తెల్దు. ఎండలో పడీ."

చెమ్మ పడితే చుట్ట పాడైనట్టే. ఎరుకమ్మకు అది ఎవరూ నేర్పక్కర్లేని సంగతి. మహాలక్ష్మికీ సబబుగానే తోచింది. మేడ మీద పాత చీర పరిచి నెత్తళ్ల చేపలు ఎండబెట్టి ఉన్నాయి. వాటిని కాస్త పక్కకు జరిపి, ఐదు చుట్టలనూ వరసగా పేర్చింది. అటూ ఇటూ తిప్పి మరీ ఎండబెట్టింది. వైశాఖ మాసపు ఎండ. గంటలో చుట్టలు గలగలమన్నాయి, పైఆకు చిట్లింది, బంగారు ఉంగరాలు వదులయ్యాయి. నెత్తళ్లు కూడా బాగానే ఎండాయి.

సరిగ్గా అప్పుడే పక్క మేడ మీద వడియాలు తిరగేయడానికి కుమారి ఎక్కింది.

"ఏటొదినా అయ్యి?"

మహాలక్ష్మికి అబద్ధమాడటం చేతకాదు. అందుకని ఆడితే పెద్దదే ఆడేస్తుంది. నానాజీ కంపెనీ నుంచి తెచ్చిన మోకాళ్ల నొప్పుల మందని చెప్పేసింది. లోపలికా పైకా అని కుమారి అడిగితే నూరి పైకి రాయాలంది. తీరా కుమారి, తన భర్త బంగారయ్య మోకాళ్లు పట్టేసి నెల రోజులుగా మెట్లు దిగలేకపోతున్నాడని, ఒకటివ్వమని చెయ్యి చాచింది. ఇవ్వకపోతే అనుమానం వస్తుందని మహాలక్ష్మి పిట్టగోడ మీదుగా ఒకటి అందించింది. కుమారి సంతోషంగా కిందికి దిగిపోయాక గుర్తొచ్చింది, బంగారయ్య రెండేళ్ల కిందట రిటైరైన హెడ్ కానిస్టేబులని.

మిగిలిన నాలుగింటినీ కొంగులో మూటగట్టుకుని కిందికి పరిగెత్తింది. దొడ్లో గొయ్యి తీద్దామంటే పలుగు కనబడలేదు. పొయ్యిలో పడేద్దామంటే ఇంట్లో ఉన్నది గ్యాసు పొయ్యి. దాచే చోటు కోసం ఇల్లంతా తిరిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఈలోగా మెట్ల మీద కూర్చున్న ఎరుకమ్మ, ఎండింది కదా ఇప్పుడు తేలుద్దామని, కొంగులోంచి ఒకటి లాగి ముట్టించి, అలవాటు ప్రకారం నిప్పు వైపు నోట్లో పెట్టేసుకుంది. మహాలక్ష్మి ఆపేలోపే గేటు చప్పుడైంది.

బంగారయ్య వచ్చాడు. లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి ఉంది. రెండు మోకాళ్ల మీదా పేడ అలికినట్టు గోధుమరంగు ముద్ద. చేతిలో బంగారు కాగితం ఉంగరం. ఆయన నోరు తెరిచేలోపే మహాలక్ష్మి ఏడుపు మొదలుపెట్టింది. సరుకు తనదేనని, తనే చుట్టిందని, తనే దాచిందని, పిల్లాడికి ఏ పాపమూ తెలియదని, పట్టుకెళితే తననే పట్టుకెళ్లమని, ఫొటోలో మాత్రం బొక్క తువ్వాలు వెయ్యొద్దని, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. చెబుతూ చెబుతూ డబ్బా విషయంలో కుమారిని అనుమానించానన్నది కూడా కక్కేసింది. అది ఎవరూ అడగలేదు.

బంగారయ్య అంతా విన్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత త్వరగా ఒప్పుకున్న ముద్దాయి ఆయనకు తగల్లేదు.

"గంజాయి వాసన నిద్దర్లో కూడా కనిపెట్టేత్తానమ్మా. ఇది పొగాకు. నెత్తళ్ల వాసన ఎందుకొత్తందో అదొక్కటే తెలీలేదు."

"మరెందుకొచ్చేవు అన్నయ్యా?"

"నొప్పి తగ్గింది. రోజుకెన్ని పూటలు రాయాలో అడుగుదారని వచ్చేను."

మెట్ల మీద ఎరుకమ్మ నోట్లోంచి చుట్ట తీసి తుపుక్కున ఉమ్మింది. ఇందులో గంజాయి కాదు కదా, ఘాటే లేదని తీర్పు చెప్పింది.

షిఫ్టు దిగి నానాజీ గుమ్మంలోకి వచ్చేసరికి ఈ సభ ఇంకా నడుస్తోంది. మంచం మీద ఖాళీ డబ్బా చూశాడు, బంగారయ్య మోకాళ్లు చూశాడు, నానమ్మ నోరు చూశాడు, తల్లి కొంగులో చిట్లిపోయిన మూడింటినీ చూశాడు. అరవలేదు. అక్కడే గుమ్మంలో చతికిలపడ్డాడు. ఒక్కొక్క మాటే బయటికొచ్చింది. అవి సిగార్లట. ఎక్కడో సముద్రాల అవతల చేస్తారట. కొందరు వాటిని తాగరట, పోగుచేస్తారట. జీతం వచ్చిన రోజు వైజాగ్ వెళ్లి నెలకొకటి, నెలంతా క్యాంటీన్ బిర్యానీ మానుకుని కొన్నాడు. వాటికి వేసే చెక్క పెట్టె కొనే స్తోమత లేక అమ్మ డబ్బా తీశాడు. వాటికి ఎండ తగలకూడదు, చెమ్మ తగ్గకూడదు. మీటరున్నది అందుకే. ఇంతకీ వాడు ఒక్కటీ ముట్టించలేదు. పొగ పడితే వాడికి దగ్గొస్తుంది.

"పోతే పోయేయి గానమ్మా, నన్ను గంజాయోడనుకున్నావా?"

ఈసారి మహాలక్ష్మి అబద్ధం జోలికి పోలేదు. ఐదు నెలలు వాడు బిర్యానీ మానుకుని చిక్కిపోతుంటే కామెర్లేమో అనుకుంది, ప్రేమేమో అనుకుంది, అప్పులేమో అనుకుంది. ఏం దాస్తున్నావురా అని ఒక్కసారి అడగలేదు.

"నిన్నలాగనుకోలేదురా. నీకేటైపోద్దో అననుకున్నాను. నాకు ముందదే తడతాది."

బంగారయ్య ఫొటో, తువ్వాలు సంగతి కూడా నానాజీకి చెప్పేశాడు. వాడు తల్లిని, తన మొహానికి ఏ తువ్వాలు కప్పిద్దామనుకున్నావని అడిగాడు. ఆవిడ దండెం మీద బొక్క తువ్వాలు చూపించింది. వాడు నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. బంగారయ్య కూడా నవ్వబోయి, మోకాలు కలుక్కుమని మానేశాడు.

ఎరుకమ్మ మాత్రం నవ్వలేదు. రొంటిన చెయ్యిపెట్టి తన సొంత చుట్ట ఒకటి తీసింది. తన నోట్లోంచి తీసిన సిగారు ఉంగరం దానికి తొడిగి డబ్బాలో పడుకోబెట్టింది. అంత ఇష్టంగా పోగుచేసేవాడు పనికొచ్చేవే పోగుచెయ్యాలని చెప్పి మూత గట్టిగా నొక్కింది. నానాజీ కాదనలేదు. ఆ సాయంత్రమే స్పాంజి మళ్లీ తడిపాడు.

ఇప్పుడు రోజూ పొద్దున ముల్లు ఎక్కడుందో చూసేది మహాలక్ష్మే. కాస్త కిందికి దిగితే కంపెనీకి ఫోన్ చేసి మరీ చెబుతుంది. డబ్బా మీద ఆశ వదులుకుని, పులిహోరకు కుమారినే అడిగి ఒకటి తెచ్చుకుంది. తరువాతి శనివారం ఉప్మాక వెళ్లి దండం పెట్టుకుంది. వస్తూ వస్తూ మెయిన్ రోడ్డులో దిగి, ఎందుకైనా మంచిదని, ఒక కొత్త తువ్వాలు కొన్నది.