బంద్ దుకాణంలో బోణీ

ఆ మంగళవారం పదిన్నరకు పన్నుల ఆఫీసు నుంచి మనిషి వస్తారని తెలిసి తాహెరా తొమ్మిదిలోపే దుకాణాన్ని మూడుసార్లు ఊడ్చింది. జనగామలో నలభై ఏళ్లుగా నడిచిన పరుపుల దుకాణం అది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యన ఒక పరదా. ఎప్పుడో మహబూబాబాద్‌లో ఒక హాస్టలుకు పరుపులు కుట్టే పని దొరికినప్పుడు జీఎస్టీ నంబరు తీసుకున్నారు. ఇప్పుడు దాన్ని రద్దు చేయించాలి. ఆన్‌లైన్ సెంటర్ శివాజీ అర్జీ పెట్టి ఒకటే మాట చెప్పాడు. "వచ్చినోళ్లకు యాపారం నడుస్తలేదని కనవడాలె అమ్మా. నడుస్తున్నట్టు కనవడ్డదనుకో, అర్జీ వాపస్."

నిజానికి తాహెరాకు కావలసింది కాగితం కాదు, మొగుడి ఊపిరి. దూది దుమ్ము మామను తీసుకుపోయింది, బావను తీసుకుపోయింది. ఇప్పుడు కుతుబుద్దీన్ దగ్గు ఆగకపోయినా ఆమెకు భయమే, ఉన్నట్టుండి ఆగినా భయమే. దూది ముట్టొద్దని డాక్టరు చెప్పి ఆరు నెలలైంది. ఆయన మాత్రం "నంబరు ఉన్నన్ని దినాలు దుకాణం ఉన్నట్టే గద" అంటూ రోజూ షటరెత్తి కూర్చుంటాడు.

"అజీ, ఇయ్యాల ఒక్కనాడు చేతులు కట్టుకొని కూసోండ్రి. ఎవరొచ్చినా బంద్ అయిందని చెప్పుండ్రి."

"చెప్త. బంద్, బంద్, బంద్. సాలునా?"

"ఆ మూలకున్న మెత్తను ముట్టకుండ్రి" అంటూ అక్కడ మిగిలిన ఒకే ఒక్క దిండును చూపించింది.

"అదొక్కటే మిగిలింది తాహెరా. దానితోని గూడ మాట్లాడొద్దా?"

పదింటికే వెనక తలుపు చప్పుడైంది. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు, నెత్తికి నూనె. ఆఫీసరు గాక ఇంకెవరు? ఆయన అడిగిన మొదటి మాటే ఆమె అనుమానాన్ని తీర్చేసింది.

"దుకాణం బంద్ చేస్తున్నరట, నిజమేనా అమ్మా?"

"నిజం సార్! అల్లా మీద ఒట్టు!"

ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ముందు సేమియా పెట్టింది. డాక్టరు చీటీలు, ఎక్స్‌రే, మందుల డబ్బా ఒకదాని తర్వాత ఒకటి చూపించింది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. కానీ ఎవరైనా ప్రేమగా తినిపిస్తుంటే కాదనే అలవాటు లేని మనిషి కావడంతో ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూస్తూ తినసాగాడు.

అంతలో పరదా అవతల ఒక ఆడగొంతు, దాని మీద కుతుబుద్దీన్ గొంతు వినిపించాయి.

"నేను కొననీకి రాలే తాతా, జర నా మాట ఇను."

"అందరు గట్లనే అంటరు బిడ్డా. పొద్దుగాల గడప తొక్కిన మొదటి గిరాకివి. నలభై ఏండ్లల్ల బోణీని ఒట్టి చేతుల తిప్పి పంపలే."

"తాతా, నేను..."

"బంద్ అయినా బోణీ బోణీయే! దూది జర అణిగింది. ఒక్క నిమిషం, సాపు జేసి ఇస్త."

ధబ్, ధబ్, ధబ్. పరదా కింద నుంచి దూది పోగులు ఎగిరివచ్చాయి. తాహెరా పరదా అంచును కాలితో తొక్కిపట్టింది.

"ఏంది చప్పుడు?" అన్నాడు సేమియా మనిషి.

"ఎలుకలు సార్."

"గంత పెద్దయా?"

"పరుపుల దుకాణం గద సార్. మంచిగ పండుకొని బలిసినయి."

అప్పుడే అవతలి నుంచి కేక వినిపించింది. "తాహెరా! బిల్ బుక్ ఏడ వెట్టినవ్? ఆఁ, దొరికింది, దొరికింది!"

ఆయన చెంచా కింద పెట్టాడు. "ఎలుకకు బిల్ బుక్ ఎందుకమ్మా?"

తాహెరా రెండు చేతులూ జోడించింది. "సార్, మీరేం రాయకుండ్రి. ఆయన ఊపిరి మీ చేతుల్ల ఉన్నది."

"నేనేం రాసేది? నేను ఫంక్షన్ హాల్ నగేష్‌ను. రఘునాథపల్లి నుంచి వచ్చిన. మీరు బంద్ చేసేలోపు నలభై మెత్తలు చేయించుకుందామని."

తాహెరా పరదా తోసుకుని ముందుకు పరుగెత్తింది. అక్కడ ముక్కు మీద దూదితో ఒకామె నిలబడి ఉంది. చంకలో మెత్త, చేతిలో ఇంకా సిరా ఆరని బిల్లు, దాని మీద జీఎస్టీ నంబరు, ఆ రోజు తారీఖు. ఆమె బ్యాగులోంచి మెల్లగా గుర్తింపు కార్డు తీసింది.

"నా పేరు ఉమారాణి. మీ దుకాణం నడుస్తలేదని చూసి పోదామని పన్నుల ఆఫీసు నుంచి వచ్చిన."

కుతుబుద్దీన్ బిల్ బుక్‌ను వీపు వెనక దాచుకుంటూ దగ్గాడు. పరదా వెనక నుంచి నగేష్ తల బయటపెట్టాడు. "అన్నా, ఫంక్షన్ హాల్ నగేష్‌ను. నా నలభై మెత్తలు గూడ గదే బిల్లుల రాసేయ్!"

తాహెరా దుకాణం గట్టు మీద కూలబడింది. "అయిపోయింది బిడ్డా. ఇగ ఆయన ఈ దుమ్ముల్నే పోతడు."

ఉమారాణి ఆమెను చూసింది, దగ్గుతున్న ముసలాయనను చూసింది, ఖాళీ అరలను చూసింది.

"తాతా, సరుకు ఇంకేమన్న ఉన్నదా?"

"ఆ ఒక్క మెత్తే బిడ్డా."

"అంటే నేను కొన్నంక సరుకు ఖతం. బంద్ తారీఖు ఇయ్యాల్టిది వేసి, ఆఖరి రిటర్న్ ఒకటి పెట్టుండ్రి. నంబరు రద్దు చేయొచ్చని నేను రాస్త." నగేష్ వైపు తిరిగింది. "నువ్వు ఇంకో దుకాణం చూసుకో అన్న."

తాహెరాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "కూసో తల్లీ, చాయ్ తాగంది పోవద్దు" అంటూ లోపలికి ఉరికింది. గిన్నె పొయ్యి మీద పెట్టి, పాలు ఎక్కువ పోసి, చెంచా నిండా చక్కెర ఎత్తింది.

పరదా అవతల ఉమారాణి గొంతు జాలిగా వినిపించింది. "గంత రంది వెట్టుకొని మొకం చిన్నగ జేసుకుంటవెందుకు తాతా? పోయేది నంబరే గద. నీ అసొంటి చిన్న దుకాణానికి నంబరే అక్కర్లేదు. రేపటి సంది నిమ్మలంగ నాలుగు మెత్తలు కుట్టి అమ్ముకో, రిటర్న్‌ల పరేషాన్ గూడ ఉండదు."

"నిజమా బిడ్డా?" కుతుబుద్దీన్ గొంతుకు ఇరవై ఏళ్లు తగ్గాయి. "ఓ నగేషన్నా! ఉన్నవా, పోయినవా?"

తాహెరా చెంచాలోని చక్కెరను మళ్లీ డబ్బాలోనే పోసింది.