హినాత్సు కోసేసిన రెండు వాక్యాలు

ఆ మంగళవారం ఉదయం కజితాని సుమికో వేసుకున్న పథకం చాలా చిన్నది. వేళకు కార్యాలయానికి చేరడం, తాను రాసిన ఇరవై పేజీల సూచనలను చివరిసారి చదివి ఏజెంటుకు అప్పగించడం, ఆపై పడవల సంస్థ నుంచి రాబోయే తొమొదా గారికి టీ సిద్ధంగా ఉంచడం.

ఏజెంటు అంటే మనిషి కాదు. చెప్పిన పనిని తనంతట తానే చేసుకుపోయే కృత్రిమ మేధ. జపాన్‌లోని కోబె రేవులో పడవల రాకపోకలను నడిపే, ఈ కార్యాలయం వాళ్లే ఏళ్ల తరబడి రాసిన పాత ప్రోగ్రామును పరీక్షించడానికి దానికొక తనిఖీ పరికరం ఇస్తున్నారు. పరికరం లోపాన్ని చూపుతుంది. చూపాక ఏం చేయాలో ఏజెంటుకు సుమికో రాత చెబుతుంది. ఈ పని తొమొదా గారికి నచ్చకపోతే, సుమికో ఒక్కతే మిగిలిన పత్రాల విభాగం నెలాఖరుకు మూతపడుతుంది. చదివేవాడికి ఇంగితం ఉంటుందన్న నమ్మకంతో ఏ వాక్యాన్నీ వదిలేయరాదన్నది ఆమె జీవిత సిద్ధాంతం.

సెక్షన్ అధిపతి హినాత్సు మంచివాడు. పొడుగు రాతలంటే మాత్రం భయం.

"కజితాని గారూ, మీకు శ్రమ తప్పించేశా!" అన్నాడు ఎదురొచ్చి. "నిన్న సాయంత్రమే కుదించి ఏజెంటుకిచ్చేశా. ఇరవై పేజీలూ ఒక్క పేజీలో!"

"ఏం తీసేశారు?"

"మర్యాదలన్నీ. యంత్రానికి మర్యాదలెందుకండీ?"

సుమికో కళ్లద్దాలు సవరించుకుని ఆ పేజీ చదివింది. 'లోపం కనబడితే, ప్రోగ్రాములో ఆ పంక్తి రాసినవారికి తెలియజేసి, జవాబు వచ్చువరకు ఆగవలెను' అన్న వాక్యం పదిలంగా ఉంది. దాని వెనుక ఉండవలసిన రెండు లేవు: 'రాసినవారు పదవీ విరమణ చేసి ఉంటే వారిని కదిలించరాదు. సెక్షన్ అధిపతికి మాత్రమే చెప్పవలెను.'

"ఈ రెండూ మర్యాదలా?"

"మరి? పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టకూడదని ఒకరు చెప్పాలా ఏంటి?"

"మీకు అక్కర్లేదు. దానికి చెప్పాలి."

అంతలో కింద నుంచి కాపలాదారు ఫోను చేశాడు. "ఎవరో పెద్దాయనండీ. సూటు, టై, చేతిలో మిఠాయి పెట్టె. క్షమాపణ చెప్పుకోవాలంటున్నారు."

లిఫ్టు తలుపులు తెరుచుకోగానే ఉమెబయాషి నడుము దాకా వంగాడు. సుమికో ఉద్యోగంలో చేరిన నాడు పని నేర్పి, ఎప్పుడో పదవీ విరమణ చేసిన పెద్దమనిషి ఆయన. "నా పంక్తిలో లోపం దొరికిందని తెల్లవారుజామునే ఫోనుకి కబురొచ్చింది. మన్నించాలి."

"అయ్యో, ప్రోగ్రాములో ఎక్కడా వాడని పేరొకటి మిగిలిపోయిందండీ, అంతే!" అన్నాడు హినాత్సు.

"చిన్నదైనా నాదే కదా నాయనా!" ఆయన తలెత్తాడు. "ఏమ్మా కజితానీ, నిన్నింకా వదల్లేదా వీళ్లు?"

"నెలాఖరుకి వదిలేలా ఉన్నారండీ."

కొత్త సంవత్సరపు కార్డుల కోసం కార్యాలయం దాచిన పాత ఉద్యోగుల చిరునామాలు, ఫోను నంబర్ల జాబితాను ఏజెంటు శ్రద్ధగా వాడుకుంది. లిఫ్టు మళ్లీ తెరుచుకుంది. మళ్లీ మళ్లీ తెరుచుకుంది. నెరిసిన తలలు, ఇస్త్రీ సూట్లు, గుడ్డల్లో చుట్టిన మిఠాయి పెట్టెలు. ఇద్దరు పెద్దలు అప్పుడే పేచీకి దిగారు.

"ఆ తప్పు నాది!"

"నీకంత తెలివేదిరా? నువ్వు రాసింది బాగానే ఉంది. చెడగొట్టింది నేను!"

"అంతా మీ వాక్యం వల్లే," అని హినాత్సు సుమికో చెవిలో గొణిగాడు. "తెలియజేయమని ఎవరు రాయమన్నారు?"

"రాసింది నేనే. తర్వాతవి కోయమన్నదెవరు?"

తొమొదా గారి కంట పడకూడదని అతడు పెద్దలందరినీ సమావేశపు గదిలోకి తోసేశాడు. తొమొదా గారు అప్పటికే అక్కడ ఉన్నారు. వచ్చేవారందరూ ఒకే పనిమీద వస్తున్నారనుకున్న కాపలాదారు ఆమెనూ కబురు చేయకుండా నేరుగా ఆ గదికే పంపేశాడు. తలుపుకు దూరంగా, గౌరవ స్థానంలో కూర్చున్న అపరిచితురాలిని చూసి, తమ తప్పులవల్ల నష్టపోయిన ఖాతాదారు ఈమేనని పెద్దలు తేల్చుకున్నారు. బారులు తీరి వంగారు. ఆమె కంగారుగా లేచి వంగింది. పెద్దవాళ్లకంటే తక్కువ వంగడం మర్యాద కాదు గనుక ఇంకా వంగింది. వారూ ఊరుకోలేదు. కాసేపటి వరకు ఆ గదిలో ఎవరి ముఖమూ ఎవరికీ కనబడలేదు.

సంగతి తెలిశాక తొమొదా కళ్లు చెమ్మగిల్లాయి. "తప్పు దొరికితే 'రాసినవాడు మానేశాడు' అంటారు ఎక్కడైనా. మీ దగ్గర మానేసినవాళ్లే పరిగెత్తుకొస్తున్నారు! ఇది మీ పద్ధతేనా?"

"మా పద్ధతేనండీ!" అన్నాడు హినాత్సు, ఊపిరి పీల్చుకోకుండానే.

సుమికో నోరు మూసుకుంటే ఆమె విభాగం బతుకుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయితే తప్పుడు వాక్యాన్ని సరిదిద్దకుండా వదిలేయడం ఆమెకు చేతకాదు.

"కాదండీ," అంది. "నేను రాసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పెద్దల్ని కదిలించకూడదని రాశాను."

హినాత్సు కళ్లు మూసుకున్నాడు.

"కదిలించకూడదా?" ఉమెబయాషి గొంతు గదంతా మోగింది. "నువ్వా అలా రాసింది? బాల్కనీలో మొక్కలకి నీళ్లు పోసి పోసి అవి కుళ్లిపోతున్నాయి, నాకు పని లేక! ఇన్నేళ్లకి ఒకరు నన్నొక మాట అడిగారని తెల్లారకముందే టై కట్టుకున్నానమ్మా!"

మిగిలిన తలలన్నీ ఊగాయి. తొమొదా నవ్వింది. పెద్దలను అడగాలన్న నియమాన్ని స్పష్టంగా రాసి ఇస్తే ఒప్పందం ఖాయమంది. రాయవలసింది మాత్రం, అబద్ధమాడని ఈవిడేనంటూ సుమికోను చూపింది.

సాయంత్రానికి సుమికో కొత్త వాక్యాలు సిద్ధం చేసింది: 'రాసినవారు పదవీ విరమణ చేసి ఉంటే వారిని తప్పక అడుగవలెను. మిఠాయిలు తేవద్దని ముందే విన్నవించవలెను.'

హినాత్సు మూడో పెట్టె విప్పుతూ చదివాడు. "రెండోది తీసేద్దామాండీ?" అన్నాడు బెరుకుగా.

సుమికో నోట్లోని మిఠాయిని నింపాదిగా నమిలి మింగి, తన ఉద్యోగ జీవితంలో మొట్టమొదటిసారి ఒక వాక్యాన్ని కొట్టివేయనిచ్చింది.