పద్నాలుగుసార్లు పూర్తయిన సైరన్

ఒక పెద్ద అడవిలో చెట్లకంటే ఆఫీసులు ఎక్కువ. వాటిలో వరద హెచ్చరికల ఆఫీసు ఒకటి. వాగు పొంగేముందు సైరన్ మోగించే ప్రోగ్రామ్ తయారుచేయడం దాని పని. రాసేది మాత్రం గిజిగాడు ఒక్కడే. మిగతావాళ్లంతా అతను రాస్తున్నాడా లేదా అని చూసే అధికారులు.

గిజిగాడి గూడు వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకు వేలాడుతోంది. అందులో భార్య గుడ్లు పొదుగుతోంది. కింద గట్టు పొడవునా కుందేళ్ల బొరియలు. వానలు ముంచుకొస్తున్నాయి. అందుకని అతను ఆఫీసులో సగం రాసిన కోడ్‌ని సాయంత్రం రిపోలో, అంటే ఆఫీసు కోడ్ అంతా దాచే ఉమ్మడి అరలో పెట్టి, ఇంటికెళ్లి అక్కడి కంప్యూటర్లోకి దించుకుని, మిగతాది రాసుకునేవాడు. పెట్టినప్పుడల్లా ఏం పెట్టాడో ఒక ముక్క రాయాలి, అది రిపో పద్ధతి. అతను ఉన్నదున్నట్టు "సగమే అయింది, ఎవరూ వాడొద్దు" అని రాశాడు.

అది చూసి మేనేజర్ నక్కకు ఒళ్లు మండింది. గిజిగాణ్ణి పిలిపించాడు.

"ఏమయ్యా, ఆఫీసు రిపోలో సగం పనులా? పైవాళ్లు చూస్తే నా పరువేం కావాలి?"

"ఇంటికి పట్టుకెళ్లడానికేనండీ. నా బ్రాంచ్, అంటే నా విడి కాపీ, వేరే పెట్టుకున్నాను. అసలుదాన్ని ముట్టుకోలేదు."

"అవన్నీ నాకు చెప్పకు. ఇక్కడ పెట్టేది ఏదైనా పూర్తయిందే అయ్యుండాలి. లేదంటే పెట్టకు."

పెట్టకపోతే కోడ్ ఇంటికి రాదు. ఇంటికి రాకపోతే వానలోగా పని అవదు. పెన్‌డ్రైవ్ ఆఫీసులో నిషేధం, వాడితే ఉద్యోగమే ఊడుతుంది. గిజిగాడు కాసేపు తల గోక్కుని, ఆ సాయంత్రం "పూర్తయింది" అని రాసి పెట్టాడు. పొద్దున్నే ఇంటి నుంచి పెట్టినప్పుడూ అదే రాశాడు. వారం తిరిగేసరికి ఒకే పని పద్నాలుగుసార్లు పూర్తయింది.

అతనికి సిగ్గుగానే ఉండేది పాపం. నక్కకు మాత్రం పండగే. పద్నాలుగు పనులు పూర్తయినట్టు రంగురంగుల పట్టిక గీసి డైరెక్టర్ ఏనుగు ముందు పెట్టాడు. ఏనుగు ఏనాడూ కోడ్ ముఖం చూసినవాడు కాదు. వెంటనే వాగు ఒడ్డున ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టించాడు. నక్క ఎవర్నీ అడక్కుండా గిజిగాడి బ్రాంచ్‌ని తీసుకెళ్లి అసలు ప్రోగ్రామ్‌లో కలిపేశాడు.

ఈ సంగతి గిజిగాడికి సభలో కూర్చున్నాకే తెలిసింది. నీటిమట్టం కొలిచే భాగం అతను ఇంకా రాయనేలేదు. రాసేదాకా ఉండనీ అని అక్కడ ఒక్క లైను పెట్టాడు, ఎప్పుడు అడిగినా "ప్రమాదం లేదు" అని చెప్పమని. పరుగున వెళ్లి నక్క చెవిలో చెప్పాడు.

"సార్, అది ఇంకా అవలేదండీ. ఆపించండి."

"పద్నాలుగుసార్లు అయిందని రాసింది నువ్వే. ఇప్పుడు కాలేదంటే ఎవరు నమ్ముతారు? వెళ్లి కూర్చో."

ఏనుగు సైరన్ పెట్టె మీట నొక్కాడు. అప్పటికే పైన కొండల్లో కురిసిన వాన వాగులోకి దిగుతోంది. పెట్టె "ప్రమాదం లేదు" అంది. నీళ్లు ఏనుగు మోకాళ్ల దాకా వచ్చాయి. మళ్లీ అదే మాట అంది. నక్క కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టించాడు.

గిజిగాడు ఇక ఆగలేకపోయాడు. సభలోంచి లేచి, గట్టు పొడవునా ఎగురుతూ గొంతు చించుకున్నాడు. కుందేళ్లు పిల్లల్ని నోట కరుచుకుని గుట్టెక్కేశాయి. అతను గూటికి చేరేసరికి నీళ్లు గూటి అడుగును తాకుతున్నాయి. భార్య గుడ్ల మీది నుంచి కదల్లేదు. వరద తీసేదాకా ఇద్దరూ వణుకుతూ అక్కడే కూర్చున్నారు. అదృష్టం, గుడ్లు దక్కాయి.

విచారణ వారంలో ముగిసింది. సభ మధ్యలో అనుమతి లేకుండా ఎగిరిపోయినందుకు గిజిగాడికి మెమో ఇచ్చారు. వరదంటే ఏమిటో దగ్గరుండి చూసిన అనుభవం ఉందని నక్కను వరద సహాయ శాఖకు ప్రత్యేకాధికారిగా వేశారు.

నీతి: సగమే అయిందని రాసేవాడికి చీవాట్లు, పూర్తయిందని రాసేవాడికి మెమో, అలా రాయించేవాడికి ప్రమోషన్.