సోచీ సరుకు

కుమ్‌బాషి రేవు నుంచి సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న సుఖుమికి ఓడలు వెళ్లవు. ఇది టర్కీ ప్రభుత్వ విధానం. సుఖుమి ఉన్న అబ్ఖాజియా తనను తాను దేశమంటుంది. రష్యా ఔను, దేశమే అంటుంది. జార్జియా మాత్రం అది తన నేలే అంటుంది. టర్కీ జార్జియా మాటను గౌరవిస్తుంది. గౌరవిస్తూనే అబ్ఖాజియాకు పిండి, సిమెంటు, స్నానాల గది పలకలు పంపుతుంది. అక్కడి నుంచి బొగ్గు, కలప, కమలాపండ్లు తెచ్చుకుంటుంది.

అందుకని కుమ్‌బాషిలో ప్రతి ఓడా సోచీకి అని చెప్పి బయలుదేరుతుంది. సోచీ రష్యాలో ఉంది, దానితో ఎవరికీ పేచీ లేదు. దారిలో పొగమంచు పడుతుంది. ఓడ కొద్దిగా పక్కకు తిరుగుతుంది. ఈ పొగమంచు జూలైలోనూ పడుతుంది. పడకపోతే ఊరు పస్తుంటుంది.

ఊళ్లో సగం మంది అమ్మమ్మలు ఆ ఒడ్డు నుంచి వచ్చినవాళ్లే. ప్రభుత్వం అమ్మమ్మలను గుర్తించింది, ఒడ్డును గుర్తించలేదు.

పరిస్థితి ఇంత సజావుగా ఉండగా, 'గుల్‌బహార్' ఓడ కెప్టెన్ యాకుప్ డిసెంబరులో ఒక గురువారం సుఖుమి రేవుగట్టు మీద బొగ్గు ఎక్కిస్తూ గుండె ఆగి చనిపోయాడు. సముద్రం మీద ఉండగా ఆ పని చేసి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. అంత అనుభవమున్న కెప్టెన్ ఇంత అజాగ్రత్తగా ఉంటాడని తాము ఊహించలేదని తీర సమన్వయ కార్యాలయం విచారం వ్యక్తం చేసింది.

ఓడ శుక్రవారం ఉదయానికి తిరిగివచ్చి రేవు బయట లంగరు వేసింది. యాకుప్ చేపల శీతల గదిలో ఉన్నాడు. ఆ ఊళ్లో పోయినవాణ్ణి మర్నాటికి మించి ఉంచరు. అతని భార్య ఆసియె నల్ల గుడ్డ తలకు చుట్టుకుని సమన్వయాధికారి నెజాత్ బే గదికి వెళ్లింది. బే అంటే అక్కడ గారు అని.

"ముందు టీ తాగండమ్మా," అన్నాడు నెజాత్ బే. సుఖుమి ఆసుపత్రి వాళ్లిచ్చిన మరణ పత్రాన్ని వేలి కొసతో ఆమె వైపు జరిపాడు. "ఈ ముద్ర చూశారా? ఇవాళ దీన్ని ఒప్పుకుంటే, రేపు వాళ్ల రాయబారికి బంగళా చూడాలి. ఒక్క మనిషి కోసం విదేశాంగ విధానం మార్చమంటారా?"

"మీ విధానం మీరే ఉంచుకోండి బే. నా మొగుణ్ణి నాకివ్వండి."

"ఇవ్వనని ఎవరన్నారు? ఆయన ఎక్కడ పోయాడో తేలాలి కదా."

"సుఖుమిలో పోయాడు. ఊరంతటికీ తెలుసు."

"తెలుసు. మాకూ తెలుసు. తెలిసిన సంగతి మాత్రం మాకు తెలియదు."

ఇంత చెప్పి, ఆయన దయతో ఆమెకు దారులు చూపించాడు. సోచీలో పోయాడని సోచీ నుంచి రాయించుకోవచ్చు. కాకపోతే సోచీ వాళ్లు యాకుప్‌ను చూడలేదు. జార్జియాను అడగవచ్చు, కాకపోతే వాళ్ల అనుమతి లేకుండా సుఖుమిలో అడుగుపెట్టడం వాళ్ల చట్టంలో నేరం, యాకుప్ మీద కేసు పెడతారు. తప్పిపోయాడని ప్రకటించి కొన్నేళ్లు ఆగవచ్చు.

ఆసియె కిటికీలోంచి లంగరు వేసిన ఓడను చూపించింది.

"తప్పిపోలేదు బే. అదిగో, అక్కడున్నాడు."

అదే సమయంలో పడవలు గుల్‌బహార్ నుంచి సరుకు దింపుకుని ఒడ్డుకు వస్తున్నాయి. ఊళ్లో చలి ఎక్కువగా ఉంది కాబట్టి బొగ్గుకు ఉదయమే అనుమతి దొరికింది. కమలాలు కుళ్లిపోతాయి కాబట్టి వాటికి ఇంకా ముందే దొరికింది.

"ఆ బొగ్గు ఎక్కడిది?" అంది ఆసియె.

"సోచీది."

"కమలాలు?"

"అవీ సోచీవే."

"అదే ఓడలో వచ్చాడు. ఆయనొక్కడికే ఏమొచ్చింది?"

"అవి సరుకులమ్మా. మీ ఆయన మనిషి. మనిషి విషయంలో ప్రభుత్వం చాలా జాగ్రత్తగా ఉంటుంది."

ఆ సాయంత్రం పురపాలక భవనంలో అబ్ఖాజియా జానపద నృత్య బృందానికి విందు ఏర్పాటైంది. బృంద నాయకుడు అస్తమూర్ ఆ ఒడ్డున వాణిజ్య మంత్రి. మంత్రికి టర్కీ వీసా ఇవ్వదు. నర్తకుడికి ఇస్తుంది. ఆయన వయసు అరవై దాటింది, మోకాళ్ల నొప్పులు. సిమెంటు మీద, కలప మీద బేరాలు మధ్యాహ్నమే ముగిశాయి. ఒప్పందం మీద ఎవరూ సంతకం చేయలేదు, అందరూ దాన్ని అమలు చేయడం మొదలుపెట్టారు. రాజధాని నుంచి విలేకరులు వచ్చినందువల్ల బృందం ఇప్పుడు ఆడి చూపించాల్సి ఉంది.

నెజాత్ బే లేచి ఉపన్యసించాడు. "మిత్రులారా! మన రెండు ఒడ్లదీ ఒకే రక్తం, ఒకే రొట్టె. ఈ సోదరులను మేము ఎన్నటికీ మరువము. ఎన్నటికీ గుర్తించము. ఈ రెండు మాటల మీదా మా ప్రభుత్వం ఒకే దృఢత్వంతో నిలబడి ఉన్నది!" చప్పట్లు మోగాయి. సోదరులు కూడా కొట్టారు.

అస్తమూర్ ఒక పాటకు ఆడి కూర్చున్నాడో లేదో, ఆసియె తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"అన్నా, మా ఆయన మీ రేవులో..."

నెజాత్ బే చెయ్యి ఎత్తాడు. అకార్డియన్ మోగింది. మంత్రి లేచి ఆడాడు. పాట అయ్యాక ఆసియె మళ్లీ నోరు తెరిచింది. అకార్డియన్ మళ్లీ మోగింది. విలేకరులు ఇంత ఉత్సాహవంతమైన బృందాన్ని చూడలేదని రాసుకున్నారు. ఆమె ఆగలేదు, అకార్డియనూ ఆగలేదు. అస్తమూర్ ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. గుండె పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"చెల్లీ, ఇంకొక్క మాటన్నావంటే నేనూ యాకుప్ దగ్గరికే," అన్నాడు రొప్పుతూ. తర్వాత నెజాత్ బే వైపు తిరిగాడు. "నేనిక్కడే పోయాననుకో బే. నా శవాన్ని ఏ దేశానికి పంపిస్తావయ్యా?"

నెజాత్ బే ఇంతకుముందు ఈ సంగతి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాడు. అకార్డియన్ వాణ్ణి ఆగమని సైగ చేసి, ఆసియెను వరండాలోకి పిలిచాడు.

"రేపు పొద్దున్నే దింపిస్తానమ్మా. అయితే సోచీ నుంచి వచ్చిన శీతల సరుకు అని రాసుకుంటాం. మీరు మనసు కష్టపెట్టుకోకూడదు."

"చేప అని రాసుకో, చెక్క అని రాసుకో. మధ్యాహ్నం నమాజుకు ఆయన మసీదు ముంగిట్లో ఉండాలి."

శనివారం ఉదయం యాకుప్ సరుకుగా ఒడ్డుకు చేరాడు. రేవుగట్టు మీద మనిషయ్యాడు. వెంటనే చనిపోయాడు. ఇందుకోసం పురపాలక వైద్యుణ్ణి ముందే పిలిపించి ఉంచారు. యాకుప్ మీసం మీద ఇంకా మంచు ఉంది. వైద్యుడు దాన్ని తాకి, ఎప్పుడు పోయాడని అడిగాడు.

"ఇప్పుడే," అన్నాడు నెజాత్ బే.

వైద్యుడు ఇప్పుడే అని రాశాడు. స్థలం, కుమ్‌బాషి రేవుగట్టు. విదేశాంగ విధానానికి గీత కూడా పడలేదు.

మధ్యాహ్నం ఊరంతా మసీదు ముంగిట్లో నిలబడింది. పిండి వ్యాపారులు, సిమెంటు వ్యాపారులు, కమలాల మండీవాళ్లు వచ్చారు. ముందు వరుసలో నెజాత్ బే నిలబడ్డాడు. ఆడవాళ్లు వెనకాల గోడ దగ్గర ఉన్నారు. ఆ దేశంలో పాతిపెట్టే ముందు ఇమాము జనాన్ని సాక్ష్యం అడుగుతాడు. ఎరిగినవాళ్లు ఎరుగుదుమని చెప్పాలి, అబద్ధం చెప్పకూడదు.

"ఇతణ్ణి ఎలాంటివాడిగా ఎరుగుదురు?" అన్నాడు ఇమాము.

"మంచివాడిగా ఎరుగుదుం," అన్నారు అందరూ. నెజాత్ బే గొంతు అందరికన్నా గట్టిగా వినిపించింది.

ఇమాము మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పారు. మూడోసారి ఆయన నోరు తెరిచేలోగా వెనక నుంచి ఆసియె కేక వేసింది.

"ఎక్కడ పోయాడో కూడా ఎరుగుదురా?"

ఎవరూ ఆలోచించలేదు. ఆ ప్రశ్నకు ఊరు ఏళ్ల తరబడి ఒకే జవాబు చెప్పింది. తండ్రులు కొడుకులకు నేర్పారు, కొడుకులు రేవులో అప్పజెప్పారు. వ్యాపారులు, మండీవాళ్లు, పురపాలక వైద్యుడు, శవపేటిక మోయడానికి నిలబడ్డవాళ్లు, అంతా ఒక్క గొంతుతో అన్నారు:

"సోచీలో!"

నెజాత్ బే కూడా అన్నాడు. అన్న తర్వాత రేవుగట్టు గుర్తొచ్చి కళ్లు మూసుకున్నాడు. ఇమాము నేల వైపు చూశాడు. గోడ దగ్గర ఒక ముసలమ్మ నవ్వింది. శవపేటిక లేచింది.

సోమవారం గుల్‌బహార్ సిమెంటు నింపుకుంది. కొత్త కెప్టెన్ ఆసియె తమ్ముడు ఇల్యాస్. అతనికి రొట్టె మూట ఇవ్వడానికి ఆమె రేవుకు వచ్చింది. ఎక్కడికని అడగలేదు. ఆకాశం తేటగా ఉంది, పొగమంచు ఎక్కడా లేదు.

"జాగ్రత్తరా," అంది. "ఒకవేళ ప్రాణం మీదికొస్తే గబగబా ఓడెక్కెయ్. సముద్రాన్నైతే అందరూ గుర్తించారు."