తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి ఒక కొక్కెం

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, అదే ట్రైలర్ బండి, కొనుక్కునేది ప్రయాణాలు చేయడానికని నమ్మేవాళ్ళు మన ఊళ్ళో ఇంకా ఉన్నారని తెలిసి చాలా విచారించాను.

అయ్యలారా, అమ్మలారా! బండి ఉన్నది తిరగడానికి కాదు. దాని ఒంటికి బయట ఏవేవో తగిలించుకోవడానికి! తిరగడం ఎవడైనా తిరుగుతాడు. తిరిగినవాళ్ళు ఏం బావుకున్నారు? పెట్రోలు తగలేశారు, దోమలతో కుట్టించుకున్నారు, ఇంటికొచ్చి మోకాలెత్తు పెరిగిన గడ్డి చూసి ఏడ్చారు. బండిని ఇంటి ముందే నిలబెట్టి, డ్రిల్ మిషన్ పుచ్చుకుని దాని గోడలకు బెజ్జాలు పెట్టుకునేవాడికి ఈ బాధలు లేవు. ఈ వేసవంతా నేను చేసింది అదే కాబట్టి నా మాట నమ్మవచ్చు.

నా అర్హతలు కూడా చెప్పుకోవాలి కదా. నేను రిటైరయ్యేదాకా ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేశాను. జనం తమ ఆస్తికి తామే చేసుకున్న నష్టాలను పరిశీలించి, "ఇది మీ స్వయంకృతమండీ, ఒక్క సెంటు కూడా రాదు" అని మర్యాదగా ఉత్తరాలు రాయడం నా ఉద్యోగం. అంటే బండిని ఎలా పాడుచేయకూడదో ఈ జిల్లాలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇంతకీ ఆ బండి నాది కాదు, మా ఆవిడ అర్లిస్‌ది. చాలా తేలికైన బండి. తన చిన్న కారుతోనే లాగవచ్చని, ఎవరి సాయమూ లేకుండా తనే కారుకు తగిలించుకోవచ్చని ఏరికోరి తెచ్చుకుంది. జులై ఆఖరి వారం సుపీరియర్ సరస్సు ఒడ్డున వాళ్ళక్క మారెన్‌తో కలిసి గడపాలని తన ప్లాను. చిన్నప్పుడు ఇద్దరూ ఈతలు కొట్టిన చోటు అది. ఇక్కడి చలి ఇక తన వల్ల కాదని మారెన్ ఈ శరదృతువులో ఇల్లమ్మేసి అరిజోనా వెళ్ళిపోతోంది. కాబట్టి ఈ వేసవి దాటితే మళ్ళీ ఎప్పుడో ఏమో. అందుకే అర్లిస్ జనవరిలోనే, కిటికీ బయట మంచు పడుతుండగా, ఫోను పట్టుకు కూర్చుని అక్కడ బండి నిలుపుకునే జాగా రిజర్వు చేయించింది.

నన్ను అడిగింది ఒకే ఒక్కటి. తడి తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి ఏదైనా ఏర్పాటు చూడమంది. ఆ ఏర్పాటేమిటో కూడా తనే చెప్పింది. ఒక తాడు పట్టుకెళ్తే రెండు చెట్లకు కట్టుకోవచ్చట.

తాడట! చేతిలో డ్రిల్ మిషన్ ఉన్న మగవాడితో అనవలసిన మాటేనా అది?

బండి గోడకు చక్కటి ఇత్తడి కొక్కెం బిగించాలని తీర్మానించాను. ఈ తేలిక బండ్ల గోడల సంగతి మీకు తెలుసో లేదో. పైన పల్చటి రేకు, మధ్యలో నురగ పలక, లోపల అట్టలాంటి చెక్క. అచ్చం వేఫర్ బిస్కెట్టే. స్క్రూ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది, పట్టుకోవడానికి లోపల ఏమీ ఉంటేగా! గట్టి కడ్డీలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎక్కడ మాత్రమే బెజ్జం పెట్టాలో బండితో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించారు. ఆ పుస్తకం నాకు చాలా ఉపయోగపడింది. మోకాళ్ళు నొప్పి పుట్టకుండా కింద వేసుకున్నాను.

తర్వాత ఇంకా పొడుగు స్క్రూ తెచ్చాను. అది గోడను దాటుకుని లోపల అర్లిస్ దిండుకు సరిగ్గా పైన మొన తేలింది. దానికి వైన్ సీసా బిరడా ఒకటి గుచ్చాను. భద్రత విషయంలో నేను ఎవరికీ తీసిపోను.

అన్నట్టు బెజ్జం ఉన్నచోట నీళ్ళు దూరతాయి. నీళ్ళు దూరితే గోడ రొట్టెలా ఉబ్బుతుంది. అందుకని ప్రతి బెజ్జం చుట్టూ నీళ్ళు పట్టని జిగురు దట్టంగా పూయాలి. పూశాను. బండికి, చొక్కాకి, పిల్లికి కూడా కొంత అంటింది.

ఒకసారి కొక్కెం వచ్చాక ఊరుకుంటే ఎలా? తువ్వాళ్ళు వానకు తడవకుండా మడత పందిరి కావాలి. పందిరి కింద దీపాలు కావాలి. దీపాలకు కప్పు మీద సోలార్ పలక, పలక తుడవడానికి నిచ్చెన! ఇక జెండా కర్ర సంగతి వేరే చెప్పాలి. అది పక్కింటి రైనో పెల్టొ చలవ. రైనో బండి కదిలి ఎన్నేళ్ళయిందో గానీ, దాని కింద ఉడతలు మూడు తరాలుగా కాపురం చేస్తున్నాయి. ఈ విద్యలో ఆయనే నాకు గురువు. ఒకరోజు మా బండి చుట్టూ తిరిగి చూసి, "ఏమోయ్ వర్లిన్, జెండా కర్ర లేదా?" అన్నాడు. ప్యాంటు లేకుండా వీధిలోకి వచ్చినవాణ్ణి పలకరించినట్టు అడిగాడు. ఆ సాయంత్రమే బండి ముక్కు మీద, అంటే కారుకు తగిలించే కొస మీద, జెండా కర్ర లేచింది.

అసలైన ఘనకార్యం సైకిళ్ళది. బండి వెనక బంపరు ఉంటుంది చూశారూ, అది పేరుకే బంపరు. నిజానికి మురుగు పైపు దాచుకునే డొల్ల గొట్టం. దానికి స్టాండు బిగించి రెండు సైకిళ్ళు వేలాడదీశాను. మేమిద్దరం సైకిలెక్కి చాలా ఏళ్ళయిందన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఒక ఆదివారం ట్రయల్ వేద్దామని బయల్దేరాం. అర్లిస్ డ్రైవింగు. చీజ్ ఫ్యాక్టరీ దాటి కాస్త వేగం అందుకోగానే వెనక బండి తోక ఊపడం మొదలుపెట్టింది. ముందు కొంచెం, తర్వాత రోడ్డుకు ఆ చివర నుంచి ఈ చివరకు. ఎదురుగా పాల లారీ. నేను కళ్ళు మూసుకున్నాను. అర్లిస్ మాత్రం బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, మెల్లగా వేగం తగ్గించుకుంటూ పక్కకు తీసి ఆపింది. స్టీరింగు వదలకుండా చాలాసేపు కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

వెనక బరువెక్కితే ముందు తేలిపోతుందని, ముందు తేలిన బండి తోక ఊపుతుందని అప్పుడు గుర్తొచ్చింది. ఇలాంటి కేసులు ఆఫీసులో ఎన్ని తిరగ్గొట్టానో! అర్లిస్ రోజూ బరువు చూసుకునే బాత్రూం మిషన్ పట్టుకొచ్చి బండి ముక్కు కింద పెట్టి తూచాను. బరువు చాలా తక్కువ. సైకిళ్ళు తీసేస్తే సరిపోయేది. కానీ పెట్టినది తీయడం పిరికివాళ్ళ పని. అందుకని ముందు వైపు పెద్ద ఇనప పనిముట్ల పెట్టె బిగించాను. ఈసారి మిషన్ సూది గిర్రున తిరిగి ఆఖరి గీత దాటింది. కారు వెనక భాగం నేలకు కూర్చుంది. హెడ్‌లైట్లు చెట్ల మీది గుడ్లగూబలకు దారి చూపించసాగాయి.

రైనో వచ్చి చూసి, ఇంత బండికి ఆ బుల్లి కారేం సరిపోతుంది, పెద్ద పికప్ ట్రక్కు కొనెయ్యమన్నాడు. నాకూ సబబుగానే తోచింది.

బయల్దేరాల్సిన పొద్దున అర్లిస్ బయటికొచ్చి, అన్నీ పీకెయ్యమంది. పీకితే బెజ్జాలు మిగులుతాయని, బెజ్జాలకు జిగురు పూయాలని, జిగురు ఆరాలని వివరించాను. కప్పు మీద అప్పుడే పూసింది కూడా ఇంకా పచ్చిగానే ఉందని చెప్పాను. ఆవిడ గ్యారేజీలోకి వెళ్ళి, మా పెళ్ళైన కొత్తలో కొన్న పాత గుడారం తెచ్చి కార్లో పడేసింది.

"తేలిక బండి కొనుక్కున్నది నేనే లాక్కెళ్ళగలనని, వర్లిన్" అంది. కారెక్కాక అద్దం దించి, "పక్క సీటు ఖాళీగానే ఉంది. రా. ఏమీ తగిలించుకోకుండా రా" అంది.

నేనేమన్నానో తెలుసా? "జిగురు ఆరనీ" అన్నాను.

కాబట్టి పాఠకులారా, ప్రస్తుతం నేను మా ఇంటి ముందే, నా పందిరి కింద, నా దీపాల వెలుగులో హాయిగా విడిది చేస్తున్నాను. దోమలు పరిచయమున్నవే. నిన్న వాన పడింది. అన్ని బెజ్జాలకు అంత జిగురు పూసినా ఒక్క చోట కారింది. బండిలో నా దిండు మీదే, సరిగ్గా మధ్యలో.

నిన్న అర్లిస్ ఫోన్ చేసింది. సరస్సు నీళ్ళు మంచులా ఉన్నాయట. అయినా మారెన్ చిన్నపిల్లలా దూకి కెవ్వుమందట. పొగబెట్టిన చేప తిన్నారట, బ్లూబెర్రీలు కోసుకున్నారట. వెనక మారెన్ నవ్వు వినిపిస్తూనే ఉంది. నేను తువ్వాళ్ళు ఎక్కడ ఆరేశారని అడిగాను.

"తాడు మీద" అంది.

ఆ తర్వాత ఈ పందిరి కింద కూర్చోబుద్ధి కాలేదు. సైకిల్ మీదైనా సరస్సుకు వెళ్దామనుకున్నాను. సైకిళ్ళకు తాళం ఉంది. తాళంచెవిని ముందున్న పెట్టె బిగించకముందే అందులో వేశాను. జెండా కర్ర అడ్డం వచ్చి ఆ పెట్టె మూత తెరుచుకోదు. రైనోను అడుగుదామంటే, ఆయన పికప్‌కు ముందు మంచు తోసే పలక చలికాలం నుంచీ అలాగే ఉంది, విప్పే బోల్టు తుప్పు పట్టింది, దాంతో అంత దూరం వెళ్ళలేం.

ఈ పేపరు మీ చేతికి బుధవారం వస్తుంది. ఆదివారం అర్లిస్ గుడారం ఎత్తేస్తుంది. ఈలోగా మీలో ఎవరైనా సరస్సు వైపు వెళ్తుంటే, కార్లో ఒక సీటు ఖాళీగా ఉంటే, దయచేసి మా ఇంటి ముందు హారన్ కొట్టండి. ఇల్లు గుర్తుపట్టడం కష్టం కాదు, జెండా కనిపిస్తుంది. నా దగ్గర సామాను ఏమీ ఉండదు. వాళ్ళ తాడు పక్కన కట్టుకోవడానికి నాదొక తాడు, అంతే.